కట్ట మీది కాపలా

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు బడికి వెళ్ళిన మర్నాడు మా కోడలు వంటింట్లో నా పక్కన పీట వేసుకుని కూచుంది. మా కోడలికి కూచునే తీరిక ఉండదు. అలాంటిది పీట వేసుకుని మరీ కూచుందంటే ఏదో పెద్ద బరువే నా నెత్తిన పెట్టబోతోందన్నమాట.

"అత్తమ్మా, నేను చెప్తే అది వినదు. మీ మాటైతే వింటుంది. మీరే చెప్పాల."

"అది" అంటే నా మనవరాలు. పదో తరగతి చదువుతోంది. చెప్పవలసిన మాట ఏమిటంటే, ఫుట్‌బాల్ మానెయ్యమని.

"పోనీ, గోల్ కొట్టేదైనా కాదత్తమ్మా. అట్ల కొట్టినా పేరన్నా వస్తుంది. ఇది వెనకాల నిలబడుకోనుంటుంది. దాన్ని డిఫెండర్ అంటారంట. ఎండలో నల్లగా మాడిపోయి, మోకాళ్ళు చెక్కుకోని, నిలబడుకోనుండేదానికి అంత దూరం పోవల్నా?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ పిల్ల బాధ అబద్ధం కాదు. ముందు పబ్లిక్ పరీక్షలు. ఆ తర్వాత ఇంటరు. ఇరుగుపొరుగు వాళ్ళ మాటలు వేరే. "సరే, చెప్తాలే" అన్నాను.

అన్నాను గానీ, మానెయ్యమని చెప్పాలంటే అదేమిటో ముందు తెలుసుకోవద్దూ? ముప్పై ఏళ్ళు బళ్ళో చరిత్ర పాఠం చెప్పినదాన్ని. తెలియని విషయం మీద తీర్పు చెప్పొద్దని పిల్లలకు నేర్పినదాన్ని. అందుకని ఓ నాలుగు రోజులు మధ్యాహ్నం నిద్ర మానుకుని, మనవడి ఫోను దగ్గర పెట్టుకుని, లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెప్పించుకుని కూచున్నాను. ఆ నాలుగు రోజుల్లో తెలిసిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం నిన్నమొన్నటి సరదా అనుకున్నాను. కాదట. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళంతా యుద్ధానికి పోతే ఇంగ్లండులో ఫ్యాక్టరీలకు ఆడవాళ్ళు వచ్చారు. ప్రెస్టన్ అనే ఊళ్ళో డిక్ కెర్ అనే కంపెనీ ఉండేది. అందులో గుండ్లు తయారు చేసే అమ్మాయిలు భోజనం విరామంలో బంతి తన్నడం మొదలుపెట్టి 1917లో ఒక జట్టు కట్టారు. ఆటల మీద వచ్చిన డబ్బు గాయపడిన సైనికులకు ఇచ్చేవాళ్ళు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడటానికి 53 వేల మంది వచ్చారట! లోపల చోటు దొరక్క బయట ఇంకా వేలమంది నిలబడిపోయారట. ఆ జట్టుకి కెప్టెన్ ఆలిస్ కెల్. ఆమె ఆడే చోటు ఎక్కడనుకున్నారు? వెనకాల. ఫుల్ బ్యాక్. అంటే మా మనవరాలి కులమే!

మరి అంత జనం వస్తే పెద్దలు ఊరుకుంటారా? మరుసటి ఏడాదే, 1921 డిసెంబరులో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒక తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్ళ ఒంటికి సరిపడదు కాబట్టి సంఘంలోని క్లబ్బులేవీ వాళ్ళకు మైదానాలు ఇవ్వకూడదన్నారు. ఆడొద్దని అనలేదు చూశారూ, ఆడే చోటు లేకుండా చేశారు. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. బ్రెజిల్‌లో అయితే 1941లో ఏకంగా చట్టమే చేశారు. అది 1979 దాకా పోలేదు. ఫుట్‌బాల్‌ని దేవుడిలా కొలిచే దేశమది!

ఇది చదువుతూ ఉంటే నాకు నా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. నేను చెడుగుడు బాగా ఆడేదాన్ని. కూతకు వెళ్ళేదాన్ని కాదు, పట్టు పట్టేదాన్ని. కాలు దొరికితే వదిలేదాన్ని కాదు. ఆ ఏడు నాకు ఓణీ వేశారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, ఆడొద్దని కూడా అనలేదు. సాయంత్రాలు బియ్యం ఏరే పని అప్పజెప్పారు, అంతే. అదే ఇంగ్లండు పెద్దల పద్ధతి! మైదానం ఇవ్వకపోతే సరి, ఆట దానంతటదే పోతుంది.

మన దేశం సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం వేసింది. 1975లోనే మనకు మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1980 జనవరిలో కోళిక్కోడులో జరిగిన ఆసియా పోటీల్లో మన అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్ళి రెండో స్థానంలో నిలిచారు. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ రెండో స్థానం. ఆ జట్టులో ఆడిన శాంతి మల్లిక్‌కు ఆ ఏడే అర్జున అవార్డు వచ్చింది. ఆ రోజుల్లో నేను పిల్లలకు పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా వల్లె వేయిస్తూ ఉన్నాను. ఈ సంగతి నాకు ఒక్క ముక్క తెలియదు. ఎవరైనా చెబితే కదా!

ఆ తర్వాత ఏమైందో ఏమో, చూసేవాళ్ళు లేక, ఆడించేవాళ్ళు లేక, 2009 నాటికి ప్రపంచ ర్యాంకుల పట్టికలోంచే మన దేశం పేరు తీసేశారు. ఓడిపోయినందుకు కాదు, ఏడాదిన్నరగా ఒక్క ఆటా ఆడనందుకు. ఓడటానికైనా ఆడనివ్వాలి కదండీ.

ఆ ఎండిన చెరువులోకి వచ్చిన పిల్ల ఆశాలతా దేవి. మణిపూర్ అమ్మాయి, 1993లో ఇంఫాల్‌లో పుట్టింది. డిఫెండర్. 2011లో దేశం తరపున పెద్దల జట్టులో ఆడటం మొదలుపెట్టింది. దక్షిణాసియా కప్పులు ఒకదాని వెనక ఒకటి గెలిచిన జట్టులో ఆమె ఉంది, తర్వాత కెప్టెన్ అయింది. అప్పటికి మన దేశంలో ఆడవాళ్ళకి జాతీయ లీగు అనేదే లేదు. అందుకని 2015లో మాల్దీవులకు పోయి న్యూ రేడియంట్ అనే క్లబ్బుకు ఆడి వచ్చింది. మన దగ్గర మహిళల లీగు మొదలైంది 2016-17లో. అందులో ఆమె తమిళనాడు సేతు జట్టుకు, తర్వాత గోకులం కేరళకు ఆడింది. 2019లో ఆసియాలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డుకు పోటీలో నిలిచిన పేర్లలో ఆశాలత పేరూ ఉంది. అవార్డు జపాన్‌కు చెందిన సాకి కుమగాయ్‌కి వెళ్ళింది. ఆమె కూడా డిఫెండరే! 2011లో జపాన్‌ను సునామీ ముంచెత్తింది గుర్తుందా? అదే ఏడాది జూలైలో ప్రపంచ కప్పు ఫైనల్లో, ఆట సమానమై పెనాల్టీల దాకా వచ్చినప్పుడు, ఇరవై ఏళ్ళ ఆ పిల్లే చివరి బంతి కొట్టి దేశాన్ని గెలిపించింది. వెనకాల నిలబడేవాళ్ళకు ముందుకు రావడం చేతకాక కాదన్నమాట.

ఆశాలత కథలో నన్ను ఆపేసిన సంవత్సరం మాత్రం 2022. ఆ జనవరిలో ఆసియా కప్పు మన దేశంలోనే పెట్టారు. ఆమె కెప్టెన్. సొంత గడ్డ మీద ప్రపంచ కప్పుకు దారి తీసే పోటీ. మొదటి ఆట ఇరాన్‌తో సమానమైంది. రెండో ఆట నాటికి జట్టులో పన్నెండు మందికి పైగా కోవిడ్ సోకింది. ఆడటానికి కావలసినంత మంది లేరు. పోటీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. ఆగస్టులో గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్బుల పోటీకి ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంటు చేరారు. చేరిన రోజే, మన సమాఖ్య వ్యవహారాల్లో బయటివాళ్ళ జోక్యం ఎక్కువైందని ఫిఫా భారతదేశాన్ని సస్పెండ్ చేసింది. పెద్దల తగాదాకి పిల్లలు పెట్టెలు సర్దుకుని వెనక్కి రావలసి వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే సస్పెన్షన్ ఎత్తేశారు గానీ, పోటీ పోనే పోయింది.

అలాంటి ఏడాది తర్వాత నేనైతే ఇంట్లో పడుకునేదాన్ని. ఆ అమ్మాయి పడుకోలేదు. 2024 అక్టోబరులో ఖాట్మండులో పాకిస్తాన్‌తో ఆడినప్పుడు దేశం తరపున వందో ఆట పూర్తి చేసింది. మన దేశపు ఆడవాళ్ళలో వంద ఆటలు ఆడిన మొదటి మనిషి ఆమే. మొదటి మనిషి ఒక డిఫెండర్ అని నేను ప్రత్యేకంగా నోటు రాసుకున్నాను, కోడలికి చూపించడానికి.

అయితే కోడలి పక్షాన కూడా నోటు రాసుకోవాలి కదా. రాసుకున్నాను. ఆడపిల్లల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఎక్కువట. ముప్పై దాటి అయిదారేళ్ళకు ఆట అయిపోతుంది. డబ్బు సంగతి చూస్తే, 2023లో మన సమాఖ్య లీగులోని ఒక్కొక్క జట్టూ కనీసం పదిమంది అమ్మాయిలకు ఏడాదికి 3 లక్షల 20 వేలకు తక్కువ కాకుండా ఇవ్వాలని చెప్పింది. అంటే నెలకు పాతికవేలు దాటుతుంది. మా వీధిలో కంప్యూటరు చదివిన పిల్లలు కొందరికి అంత రావడం లేదనుకోండి, అది వేరే సంగతి. క్రీడల కోటాలో రైల్వేలో, పోలీసు శాఖలో ఉద్యోగాలు కూడా ఉన్నాయి. కానీ అక్కడి దాకా చేరేవాళ్ళు ఎందరు?

తెలుగు పిల్లలు లేరా అంటే ఉన్నారు. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా దేశంలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్ళింది. 2025లో దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా అవార్డు అందుకుంది. కానీ ఆమె ముందు వరుసలో ఆడేది. "అదిగో, నేను చెప్పలా?" అంటుంది కోడలు.

ఇక మా ఊరి సంగతి. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత మాదే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. మా దగ్గర పచ్చికతో ఉన్న మైదానం అంటే పెళ్ళిలో వెండి పళ్ళెం లాంటిది, చూడటమే గానీ రోజూ వాడుకునేది కాదు. పిల్లలు ఆడేది ఎర్రమట్టిలో. అయినా ఈ కరువు సీమలో ఆటలు మొలిచాయంటే అందులో ఒక స్పెయిన్ దేశస్థుడి చెయ్యి ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి, భార్య ఆన్‌తో కలిసి ఆర్డీటీ సంస్థ పెట్టాడు. 2009లో ఈ ఊళ్ళోనే పోయాడు. బావులు, బళ్ళు, ఆసుపత్రుల తర్వాత వాళ్ళ దృష్టి ఆటల మీద పడింది. అనంతపురంలో క్రీడాగ్రామం వెలిసింది. 2010లో రఫెల్ నాదల్ పేరున టెన్నిస్ బడి వచ్చింది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆడింది ఆ మైదానంలోనే. పల్లెల్లో కూలి చేసుకునేవాళ్ళ ఆడపిల్లలు హాకీ కర్రలు పట్టుకుని, ఫుట్‌బాల్ బూట్లు మెడలో వేసుకుని బస్సెక్కడం మా ఊళ్ళో ఇప్పుడు వింత కాదు.

ఇంత చదివాక మనవరాలిని పిలిచి కూచోబెట్టాను.

"ఏమే, వెనకాల నిలబడి నువ్వు చేసేదేమిటి? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

అది కాసేపు ఆలోచించింది. "అవ్వా, నువ్వు చెనక్కాయ చేన్లో కలుపు తీసేది చూసినావు కదా? కూలోళ్ళంతా ఒకే వరసలో పోతారు. ఒకర్తె వెనకబడితే ఏమైతుంది?"

"ఆ సాలులో కలుపు మిగిలిపోతుంది."

"మాదీ అంతే. మేము నలుగురం ఒక వరస. అవతలోళ్ళు బంతి కొట్టేటప్పుడు వాళ్ళ మనిషి మా వరస దాటి ముందే పోయి నిలబడుకోని ఉండకూడదు. ఉంటే ఆఫ్‌సైడ్. మేము నలుగురం ఒకేసారి ముందుకు జరిగితే ఆమె వెనకాల చిక్కిపోతుంది. ఒకర్తె జరగలేదనుకో, అంతా పోయినట్లే. అందుకే నేను అరుస్తానే ఉంటా. నిలబడుకోనుండేది కాదవ్వా, వరస నడిపేది."

"మరి నీ పేరు పేపర్లో రాదే?"

"రాకుంటే మంచిదవ్వా. డిఫెండర్ గురించి మాట్లాడుకుంటా ఉన్నారంటే ఏదో తప్పు జరిగినట్లు."

ఇంత మాట ఆ పిల్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. మన ఇళ్ళల్లో మాత్రం ఇది అందరికీ తెలిసిన లెక్కే. పాలు పొంగిపోయిన రోజు అందరూ మాట్లాడతారు. పొంగకుండా చూసిన మూడువందల అరవై నాలుగు రోజులూ ఎవరికి గుర్తు?

ఆ రాత్రి నిద్ర పట్టక, నాకు ముసలమ్మ గుర్తొచ్చింది. మా ఊరివాళ్ళకు ఆమెను గుర్తు చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళకు చెప్పాలి. 14వ శతాబ్దంలో, విజయనగరపు బుక్కరాయల కాలంలో, పండమేరు ఏటికి అడ్డంగా పెద్ద చెరువు కట్టించారు. ఆ కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే మా అనంతపురం. తర్వాతెప్పుడో ఒక ఏడు కుండపోతగా వాన పడి చెరువు నిండి కట్ట తెగబోయిందట. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిగా ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలికిందట. ఆ ఇల్లాలు ఇంట్లో వాళ్ళకు చెప్పి, నడిచి వెళ్ళి గండిలో నిలబడింది. కట్ట నిలిచింది. బ్రౌన్ దొర సేకరించిన అనంతపుర చరిత్రలో ఈ కథ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసులో విద్యార్థిగా ఉన్నప్పుడు, 1899 ప్రాంతంలో, దీన్నే "ముసలమ్మ మరణము" అని కావ్యంగా రాశారు. బుక్కరాయసముద్రంలో కట్ట మీద ఇప్పటికీ ఆమెను కొలుస్తారు.

నేనూ ఎన్నోసార్లు ఆమెకు దండం పెట్టుకున్నాను. బళ్ళో ఈ కథ చెప్పి ఆడపిల్లల చేత కన్నీళ్ళు పెట్టించాను కూడా. కానీ ఆ రాత్రి నాకు కొత్త సందేహం వచ్చింది. కట్టకు ఏటేటా మట్టి వెయ్యవలసిన వాళ్ళు ఎవరు? తూము చూసుకోవలసిన వాళ్ళు ఎక్కడికి పోయారు? వాళ్ళ పేర్లు కథలో లేవేం? ఊరందరూ వెయ్యాల్సిన మట్టికి బదులు ఒక చిన్నకోడలు చాలిందా? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి ఈ ప్రశ్న నేను ఒక్కసారీ పిల్లల్ని అడగలేదు. సిగ్గేసింది.

ఆ మర్నాటి ఆదివారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, గొడుగు తీసుకుని మైదానానికి వెళ్ళాను. రేగిచెట్టు కింద ఒక రాయి చూసుకుని కూచున్నాను. ఎర్రమట్టి రేగుతోంది. మనవరాలు వెనక వరసలో ఉంది. ఇంట్లో నోరెత్తని పిల్ల, అక్కడ గొంతు చించుకుని అరుస్తోంది. "జరగండి! ముందుకు! ఎడమ పక్క చూడు!" నలుగురూ ఒక్కసారి జరిగారు, కలుపు వరస లాగే.

రెండో సగంలో అవతలి జట్టు పిల్ల ఒకతి దీన్ని తప్పించుకుని దూసుకుపోయింది. నా గుండె ఆగినంత పనైంది. ఇంతలో పక్కనున్న ఇంకో అమ్మాయి అడ్డంగా పరిగెత్తుకొచ్చి బంతిని బయటికి తన్నేసింది. మనవరాలు లేచి, మట్టి దులుపుకుని, ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచి మళ్ళీ తన చోటుకి పోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒకరు పడితే ఇంకొకరు ఉన్నారు. ముసలమ్మకు లేనిది ఇదే కదా అనిపించింది.

ఇంటికొచ్చేసరికి కోడలు గుమ్మంలోనే ఉంది. "యాడికి పోయినారత్తమ్మా? దానికి చెప్పినారా?"

"మ్యాచికి పోయినా."

"అవునా! ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. అవతలోళ్ళు ఎంత కొట్టినా ఒక్క గోలూ పడలేదు. అది చేసేది అదేనంట, ఏమీ జరక్కుండా చూసుకునేది. నువ్వు ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నట్టు."

కోడలు ఏమీ అనలేదు. లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి, "మోకాలికి ఏమన్నా అయితేనో?" అంది నెమ్మదిగా.

ఆ భయానికి నా దగ్గర చరిత్ర లేదు. అందుకని బేరం కుదిర్చాను. పరీక్షలయ్యే దాకా వారానికి రెండు సాయంత్రాలే ఆట. మోకాళ్ళు గట్టిపడే వ్యాయామం మాత్రం ఇంట్లో రోజూ చెయ్యాలి, అది నేను దగ్గరుండి చూస్తాను. పరీక్షల తర్వాత సంగతి ముగ్గురం కూచుని మాట్లాడుకోవాలి. తీర్పు నేను ఒక్కదాన్ని చెప్పను. కోడలు ఒప్పుకుంది. మనవరాలు మూడు సాయంత్రాలని గీచి గీచి బేరమాడి చివరికి రెండుకి దిగింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే హాల్లో అది గోడకు వీపు ఆనించి లేని కుర్చీలో కూచున్నట్టు కూచుంటుంది. నేను అరవై లెక్కపెడతాను. నిన్న పక్క గదిలోంచి ఇంకో గొంతు కూడా లెక్కపెట్టడం వినిపించింది. తొంగి చూద్దును కదా, కోడలు బట్టల దండెం దగ్గర ఎర్రమట్టి మేజోళ్ళు ఆరవేస్తూ, "నలభై ఒకటి, నలభై రెండు..." అంటోంది.